టర్కిష్ హోటల్‌లో తిన్న మర్నాడు షుగర్, బీపీ ఎందుకు పెరుగుతున్నాయి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మాది గుంటూరు. ఉద్యోగరీత్యా బెర్లిన్‌లో ఉంటున్నాను. నాలుగేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ప్రతి శుక్రవారం రాత్రి ఆఫీసు వాళ్లతో దగ్గర్లోని చిన్న టర్కిష్ హోటల్‌కు వెళ్తాను. అదానా కబాబ్, రొట్టె, అన్నం, రెండు గ్లాసుల అయ్రాన్ (మజ్జిగ), చివర్లో బక్లావా మిఠాయి, టీ. శనివారం పొద్దున పరగడుపున షుగర్ 170, బీపీ 150/95 ఉంటున్నాయి. మిగతా రోజుల్లో బాగానే ఉంటాయి. మాంసం వల్లేనా? వెళ్లడం మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదు. ఇంటికి అంత దూరంలో, వారానికోసారి నలుగురితో కూర్చుని తినే పూట అది. దాన్ని వదులుకోమని నేను చెప్పను.

మీ అనుమానం కబాబ్ మీద ఉంది. నా అనుమానం రొట్టెల బుట్ట మీద. ఆర్డర్ వచ్చేలోపు వేడివేడిగా తెచ్చిపెడతారు, ఆకలి మీద రెండు మూడు ముక్కలు లెక్క లేకుండా వెళ్లిపోతాయి. అదంతా మైదా. ఆపైన కబాబ్ ప్లేటులో వెన్నతో వండిన అన్నం, ఆఖరున పాకంలో నానిన బక్లావా. మరి మర్నాటి దాకా షుగర్ ఎందుకు దిగడం లేదంటే, అందులో కబాబ్ పాత్ర కూడా ఉంది. అదానా కబాబ్‌ను గొర్రె ఖీమాలో కొవ్వు కలిపి చేస్తారు. కొవ్వు ఎక్కువైతే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, పిండి పదార్థం ఆలస్యంగా రక్తంలోకి చేరుతుంది. అందుకే తిన్న రెండు గంటలకు బాగానే కనిపించిన షుగర్ అర్ధరాత్రి దాటాక పెరగొచ్చు.

ఈసారి ముందుగా మెర్జిమెక్ సూప్ చెప్పండి. ఎర్ర కందిపప్పుతో, అంటే మసూర్ పప్పుతో చేస్తారు, నిమ్మకాయ పిండుకుని తాగితే మన పప్పుచారు గుర్తొస్తుంది. తర్వాత సలాడ్, ఆపైన మాంసం, పిండి పదార్థం ఆఖరున. ఈ వరసలో తింటే భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగరదు. అదానాకు బదులు కోడిమాంసం ముక్కల తావుక్ షిష్ తీసుకుంటే కొవ్వు తగ్గుతుంది. అన్నం బదులు బుల్గూర్ అడగండి. గోధుమల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచిన రవ్వ అది. మన ఉప్పుడు బియ్యం లాంటి పద్ధతే. షుగర్‌ను తెల్లన్నం కంటే నెమ్మదిగా పెంచుతుంది. అయినా నాలుగైదు చెంచాలు చాలు, అది తింటే రొట్టె వద్దు.

ఇక బీపీ. అయ్రాన్‌ను మన మజ్జిగే కదా అనుకుని తాగుతున్నారు. చలవ చేస్తుందనే నమ్మకం మనందరిదీ. కానీ అందులో ఉప్పు కలిపే ఉంటుంది. కబాబ్‌లో, సూప్‌లో, ఊరబెట్టిన మిరపకాయల్లో, రొట్టెలో కూడా ఉప్పే. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే టీ చెంచాడు కంటే తక్కువ. మీరు ఆ ఒక్క పూటలోనే దానికి దగ్గరగా వెళ్తున్నారు. రెండు గ్లాసుల బదులు సగం గ్లాసు తాగండి, మిగతాది మంచినీళ్లు. డబ్బాలో వచ్చే అయ్రాన్ అయితే లేబుల్ మీద ‘జాల్ట్స్’ (Salz) అన్నచోట ఉప్పు ఎంతో చూడండి. ఊరగాయలు, బాగా పులుపెక్కిన ఎర్రటి షల్గమ్ రసం జోలికి వెళ్లకండి.

టీ తాగండి, సాసర్లో పెట్టే చక్కెర బిళ్లలు వేసుకోకుండా. బక్లావా ఒక్క ముక్క ఇద్దరు పంచుకోవచ్చు, ప్రతి వారం మాత్రం వద్దు. భోజనం అయ్యాక పావుగంట నడిచి ఇంటికి వెళ్లండి.

వచ్చే శుక్రవారం తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి, పడుకునేముందు ఒకసారి షుగర్ చూసుకోండి. రెండు గంటలకు 180 లోపు ఉండాలి. మీ మీటర్ మిల్లీమోల్స్‌లో చూపిస్తే అది 10. బీపీని వారం రోజులు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి రాసి పెట్టండి. మిగతా రోజుల్లోనూ 135/85 దాటుతుంటే అది శుక్రవారం భోజనం వల్ల వచ్చింది కాదు, మందు మార్చాల్సి రావచ్చు. మీరే మాత్ర పెంచుకోకండి. ఆ కాగితం మీ ఫ్యామిలీ డాక్టర్‌కు చూపించి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు బలహీనత ఉంటే ఆలస్యం చేయకుండా వెంటనే 112కు ఫోన్ చేయండి.