రిపోర్టు బాగుంది, పైపులో మాత్రం పాకుడు!

ప్రశ్న: మా ఊళ్ళో చిన్న ఆర్వో వాటర్ ప్లాంట్ నడుపుతున్నానండీ. టీడీఎస్ సరిగ్గానే ఉంటుంది, ల్యాబ్ రిపోర్టూ బాగానే వచ్చింది. మొన్న ట్యాంకు నుంచి కుళాయికి వెళ్ళే పైపు విప్పితే లోపలంతా జిగటగా పాకుడు! ఒకటే టెన్షన్. వెలుగుతో దీన్ని ముందే పట్టేసే సెన్సర్లున్నాయని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమేనండీ. ముందు ఆ రిపోర్టు సంగతి చెప్తాను. మీరు ల్యాబ్‌కి పంపింది నీళ్ళు, పాకుడేమో గోడకుంది. గోడకి అంటుకుని, చుట్టూ చక్కెరలతో, ప్రోటీన్లతో జిగురు అల్లుకుని కూర్చున్న బ్యాక్టీరియా శాంపిల్ సీసాలోకి పెద్దగా రాదు. దీన్నే బయోఫిల్మ్ అంటారు, పళ్ళ మీద పాచి కూడా ఇదే. టీడీఎస్ మీటరు చూసేది కరిగిన లవణాలనే. యూవీ ల్యాంపు తన ముందునుంచి పోయే నీటిని శుభ్రం చేస్తుంది, ఆ తర్వాతి పైపు గోడ దాకా దాని వెలుగు పోదు.

ఇక సెన్సర్. సన్నటి గాజు ఫైబర్‌కి పైతొడుగు కొంతమేర తీసేసి నీళ్ళలో ఉంచుతారు. అందులో పరుగెత్తే వెలుగు గాజు దాటి రవ్వంత, అంటే మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యోవంతు) కొంత భాగం మేర, బయటికి కూడా వ్యాపించి ఉంటుంది. అక్కడ ఉత్త నీళ్ళుంటే ఒక లెక్క, సుమారు మైక్రాన్ సైజు బ్యాక్టీరియా వచ్చి అంటుకుంటే ఇంకో లెక్క, అవతలి కొసకి చేరే వెలుగు తగ్గుతుంది. మీ వేలికి జిగట తగలడానికి చాలా ముందే తేడా తెలుస్తుంది. చిక్కల్లా సున్నం, తుప్పు పట్టినా వెలుగు తగ్గుతుంది. అందుకే ఇంకో పద్ధతిలో 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వేస్తారు. ప్రోటీన్లలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం దాన్ని పీల్చుకుని 350 దగ్గర తిరిగి వెలుగుతుంది. సున్నంలో ప్రోటీన్ ఉండదు కదా!

మీ ప్లాంటుకి ఇప్పుడే సెన్సర్ కొనమని నేను చెప్పను. సులువుగా విప్పేలా ఒక చిన్న పైపు ముక్క లైన్లో బిగించుకుని, వారానికోసారి లోపల వేలు పెట్టి చూడండి. పాకుడుంటే ముందు బ్రష్షుతో రుద్దాలి, క్లోరిన్ ఆ తర్వాతే. సూక్ష్మదర్శినితో బ్యాక్టీరియాను మొదట చూసిన డచ్చాయన లేవెన్‌హుక్ 1683లోనే తన పళ్ళ పాచి మీద వెనిగర్ పనితనం గమనించి, పైనున్న జీవులే చచ్చాయి, లోపలికి అది దిగలేదని రాశాడు; రుద్దకుండా పోసిన క్లోరిన్‌దీ అదే కథ. రుద్ది, క్లోరిన్ పట్టించి, బాగా కడిగేయండి. ఆ క్లోరిన్ నీళ్ళు ఆర్వో మెంబ్రేన్ వైపు మాత్రం పోనివ్వకండి, మెంబ్రేన్ పాడైపోతుంది.