కెంపుకీ నీలానికీ ఒకటే ఇంటిపేరు

ప్రశ్న: కెంపు, నీలం రెండూ కొరండం అనే ఒకే ఖనిజం అని చదివానండి. ఈ కొరండం అసలు ఏ భాష మాట, అర్థమేంటి? పద్మరాగం అన్నా కెంపేనా?

జవాబు: మన దక్షిణాది మాటేనండి! చివర్లో ఆ 'అం' చూసి లాటిన్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ తమిళంలో కురుందం, తెలుగులో కురువిందం, సంస్కృతంలో కురువింద, ఇవన్నీ ఒక గుంపు మాటలు, ఆ కురుందమే ఇంగ్లీషులోకెళ్లి కొరండం అయింది. పాత రత్నశాస్త్రాల్లో కురువిందం అంటే కెంపుల్లో ఒక రకం.

నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, ఈ పేరు యూరప్ దాకా వెళ్లింది మెరిసే కెంపు వల్ల కాదు, మసకగా ఉండే మామూలు కొరండం రాయి వల్ల. దాన్ని పొడి చేసి లక్కతో కలిపి సాన చక్రాలు చేసేవాళ్లు, వాటి మీదే మిగతా రత్నాలకి సాన పట్టేవాళ్లు. మోస్ స్కేల్ మీద దీని గట్టిదనం 9, పైన 10 దగ్గర వజ్రం ఒక్కటే, అందుకే దీనికంత గిరాకీ. 1798లో చార్లెస్ గ్రెవిల్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ రాయి గురించి వ్యాసం రాస్తూ కొరండం అనే పేరే వాడాడు, ఆ పేరే నిలబడిపోయింది.

ఇక రంగు సంగతి. కొరండం అంటే అల్యూమినియం, ఆక్సిజన్, అంతే. స్వచ్ఛంగా ఉంటే రంగే ఉండదు. కాస్త క్రోమియం చేరితే ఎరుపొచ్చి కెంపు, ఇనుము, టైటానియం చేరితే నీలం. కెమిస్ట్రీ తెలియని రోజుల్లో రంగు చూసే పేరు పెట్టేవాళ్లు కాబట్టి పొరపాట్లు బోలెడు, బ్రిటిష్ కిరీటంలో బ్లాక్ ప్రిన్స్ రూబీ అని పేరుపడ్డ ఎర్రరాయి కెంపే కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం! సఫైర్ కూడా అంతే, గ్రీకుల నాటి సఫైరోస్ అంటే బంగారు చుక్కలుండే లాపిస్ లాజులి అనే వేరే నీలి రాయి అయ్యుండాలి, ఆ పేరు తర్వాత మన నీలానికి అతుక్కుంది.

పద్మరాగం అంటే తామర రంగుది అని అర్థం, పాత పుస్తకాల్లో కనిపిస్తే కెంపు అనే అనుకోండి. కానీ ఇదే మాట సింహళం మీదుగా పద్పరాద్‌షా అయింది, రత్నాల సర్టిఫికెట్‌లో ఆ పేరుంటే మాత్రం అది కెంపు కాదండి, గులాబీ నారింజ కలిసిన రంగులో ఉండే సఫైర్ (ఎరుపు తప్ప మిగతా రంగుల కొరండం రత్నాలన్నిటినీ ఇప్పుడు సఫైర్ అనే అంటారు), శ్రీలంక రాళ్లు దీనికి బాగా ప్రసిద్ధి.