ట్రాన్స్‌ఫార్మర్ నూనె సముద్రం అడుగుకి ఎలా చేరింది?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పది కిలోమీటర్ల లోతు సముద్రంలో ఉండే రొయ్యల్లాంటి జీవుల ఒంట్లో ఫ్యాక్టరీ కెమికల్స్ దొరికాయని ఎక్కడో చదివి, "అంత కిందికి పైపు వేశారా నాన్నా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఇది నిజమేనా? సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని మనం టెన్షన్ పడాల్సిన విషయమేనా?
– ఒక పాఠకుడు, నాచారం

జవాబు: నిజమేనండీ. పైపు మాత్రం ఎవరూ వెయ్యలేదు, అసలు భయపెట్టే సంగతి అదే.

పసిఫిక్‌లో మరియానా, కెర్మాడెక్ అని రెండు అగాధాలున్నాయి. ఎర పెట్టిన బోన్లు అక్కడికి దించి, వాటిలో పడ్డ ఆంఫిపాడ్‌లనే జీవుల్ని పరీక్షించి, 2017లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఫలితాలు ప్రకటించారు. ఆ జీవులు చూడ్డానికి నడుం వంగిన చిన్న రొయ్యలా ఉంటాయి, పాలిపోయిన రంగు, చచ్చిన చేప వాసన తగిలితే చాలు గుంపుగా మూగుతాయి. వాటి ఒంట్లో పీసీబీలనే ఫ్యాక్టరీ కెమికల్స్ దొరికాయి. ఎంత మోతాదులో అంటే, చైనాలో బాగా పాడైపోయిన నదుల్లో ఒకటైన లియావో నీళ్లు పారే వరిపొలాల్లోని పీతల కంటే, మరియానా జీవుల్లో గరిష్ఠంగా 50 రెట్లు ఎక్కువ.

పీసీబీ అంటే ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో పోసిన నూనె లాంటి పదార్థం. అంత తేలిగ్గా నిప్పంటుకోదు, కరెంటును పోనివ్వదు, ఎన్నేళ్లున్నా చెడిపోదు. 1930ల నుంచి 1970ల దాకా జోరుగా తయారుచేశారు, మొత్తం మీద దాదాపు 13 లక్షల టన్నులు. చెడిపోదని మురిసిపోయిన గుణమే కొంప ముంచింది.

ఇంట్లో చేపల పులుసు ఉడికేటప్పుడు ఒకసారి గమనించండి. కారం వేసింది పులుసంతటికీ, కానీ ఆ ఎర్ర రంగు ఎక్కువగా పైన తేలే నూనెలోకే చేరుతుంది. పీసీబీ కూడా అంతే, నీళ్లతో పొసగదు, కొవ్వు కనబడితే వదలదు. సముద్రమంతా కలిపి చూస్తే ఉన్నది ఏ మూలకో అయినా, నాచులోంచి దాన్ని తినే సూక్ష్మ జీవిలోకి, అందులోంచి చిన్న చేపలోకి, తర్వాత పెద్ద చేపలోకి, మెట్టు మెట్టుకీ చిక్కబడుతూ పోతుంది. ఆ పెద్ద చేప చచ్చి కిందికి దిగుతుంది. దానితోపాటు చచ్చిన నాచు తునకలు, జీవుల మలం రాత్రింబవళ్లు సన్నగా రాలుతూనే ఉంటాయి. అగాధం గరాటు ఆకారంలో ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల పడ్డదంతా జారి అడుగుకే చేరుతుంది, అక్కడున్నవన్నీ ఆకలితో ఉన్న జీవులు, ఏది పడినా వదలవు. పైగా చలి, చీకటి. పదార్థాన్ని విరగ్గొట్టే ఎండ లేదు.

సముద్రంలోకి ఎలా వచ్చిందంటే, కొంత నదుల గుండా, కొంత గాలిలో. వేడికి కాస్త ఆవిరై లేస్తుంది, చల్లని చోట దిగుతుంది, మళ్లీ లేస్తుంది. మిడతలా గెంతుకుంటూ ఖండాలు దాటేస్తుంది. మీ అబ్బాయి అడిగిన పైపు ఇదే.

ఇక మన మూసీ సంగతి. వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, దారి ఉన్నమాట నిజం. అలాగని మూసీ నుంచి మరియానాకి గీత గీసేస్తే అది వాట్సాప్ సైన్స్ అవుతుంది. ఇక్కడి మందుల కంపెనీల కాలుష్యం ముందు దెబ్బతీసేది ఇక్కడి వాళ్లనే. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మందులకు లొంగని సూక్ష్మక్రిములు పుట్టడానికి అంతకంటే ఏం కావాలి?

ప్రశ్న: మృగశిర కార్తెకి చేపలు తినకపోతే మా అత్తమ్మ ఊరుకోదు. నాకు ఐదో నెల. ఇవన్నీ చదివాక భయమేస్తోంది, తినొచ్చా?
– ఒక పాఠకురాలు, రామ్‌నగర్

జవాబు: తినండమ్మా. అగాధం జీవులేవీ మన మార్కెట్‌కి రావు. మీ అత్తమ్మ తెచ్చే కొరమీను, బొచ్చె, రవ్వ మంచినీటి చేపలు, ఏ చెరువువో ఒక్క మాట అడిగితే చాలు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువువైతే వద్దు. సముద్రపు చేపల్లో మాత్రం సొర లాంటి వేటాడే పెద్ద చేపల్ని ఈ నెలల్లో పక్కన పెట్టండి. వాటిలో పాదరసం పేరుకుంటుంది, అది ఉండేది కండలో, కొవ్వు తీసేసినా పోదు. పీసీబీ అయితే తోలు, కొవ్వు తీసేస్తే కొంతవరకు తగ్గుతుంది. బాలింతకి పాలసొర పెట్టడం కోస్తాలో ఆనవాయితీ, పెద్దవాళ్లతో గొడవెందుకు గానీ, నాకైతే మనసొప్పదు. నెత్తళ్లు, కవళ్లు తినండి. చిన్న చేపలు, తక్కువ కాలం బతుకుతాయి, అంత విషం పోగుచేసుకునే టైమే వాటికి ఉండదు.

ప్రశ్న: కిందున్న కెమికల్‌ని మిషన్లు పెట్టి తోడెయ్యలేరా?
– ఒక విద్యార్థి, మౌలాలి

జవాబు: లేరు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ తీరానికి ఎదురుగా, 900 మీటర్ల లోతులో, ఎన్నో ఏళ్లపాటు డీడీటీ అనే పురుగుమందు వ్యర్థాలు ఒంపేశారు. 1972లో ఆ దేశంలో డీడీటీ వాడకం ఆగింది. ఇన్నేళ్లయినా అక్కడి బురదలో అది చాలావరకు డీడీటీగానే ఉంది. కెలికితే మళ్లీ నీళ్లలోకి లేస్తుంది. వెయ్యి మీటర్లు లేనిచోటే ఇంత కష్టమైతే పదకొండు వేల మీటర్ల మాట చెప్పేదేముంది?

చేతనైంది పైన ఆపడమే. 2016లో మన కేంద్ర ప్రభుత్వం పీసీబీల తయారీని, దిగుమతిని నిషేధించింది, అవి ఉన్న పరికరాల వాడకానికి 2025 డిసెంబర్ 31 గడువు పెట్టింది. మన ట్రాన్స్‌ఫార్మర్లలో ఎక్కువ వాటిలో ఉండేది మామూలు మినరల్ ఆయిలే, కానీ చూసి పోల్చుకోలేం, టెస్ట్ చెయ్యాల్సిందే. ఒకసారి ఒక పాత ఇనుము దుకాణం ముందు ట్రాన్స్‌ఫార్మర్ విప్పుతుంటే చూశాను. రాగి తీగని బిడ్డలా ఎత్తి పక్కన పెట్టారు, నల్లటి నూనెని తెచ్చి కాలువలో ఒంపేశారు. అడిగితే, "అదేం విషమా సార్, నూనే కదా" అన్నాడు అక్కడ ఒకతను. మీ కాలనీలో ట్రాన్స్‌ఫార్మర్ కింద నూనె కారుతుంటే ముట్టుకోకండి, కరెంటు వాళ్ల 1912 నంబరుకి ఫోన్ చెయ్యండి.