సూర్యుడి మీద పరిశోధన: విశాఖ నుంచి దారి ఎటు?

ప్రశ్న: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. 2024 మే నెలలో లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫొటోలు చూసినప్పటి నుంచి సౌర విస్ఫోటనాల మీద పరిశోధన చెయ్యాలన్న కోరిక బలపడింది. మా నాన్నగారు మాత్రం బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. సూర్యుణ్ణి చదివితే ఎవరికి ఉపయోగం, ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి?
– ఒక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనది కనుక ముందు దానికే జవాబు చెబుతాను. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో విద్యుత్ గ్రిడ్ నిమిషన్నరలో కుప్పకూలి, సుమారు 60 లక్షల మంది 9 గంటల పాటు కరెంటు లేకుండా ఉండిపోయారు. సూర్యుడి నుంచి దూసుకొచ్చిన పదార్థం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపివేయడమే దానికి కారణం. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు అయస్కాంత తుపానుకే పై వాతావరణం వేడెక్కి దట్టమై, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం కక్ష్య అందుకోలేక కాలిపోయాయి. మన దేశం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల గ్రిడ్‌కు క్విబెక్ స్థాయి ముప్పు తక్కువే. కానీ ఉపగ్రహాలకు, జీపీఎస్ మీద నడిచే విమానాలకు, ఓడలకు, దూరప్రాంత రేడియో సంబంధాలకు ముప్పు మనకూ ఉంది. నౌకాదళం, ఓడరేవు, వేటకు వెళ్లే మరపడవలు ఉన్న ఊరిలో ఈ మాటను ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక మీకు. ఈ రంగంలో శాస్త్రవేత్తలను ఇప్పటికీ వేధిస్తున్న ప్రశ్న ఏమిటో ముందుగా తెలుసుకోండి. సౌరజ్వాల వెలుగు 8 నిమిషాల పైచిలుకులో మనల్ని చేరుతుంది. దాని వెంట ఒక్కోసారి సూర్యుడి వెలుపలి వాతావరణమైన కరోనా నుంచి వందల కోట్ల టన్నుల ప్లాస్మా (విద్యుదావేశం గల వాయువు), తనలో చిక్కుకున్న అయస్కాంత క్షేత్రంతో సహా ఎగసిపడుతుంది. దీన్నే కరోనల్ మాస్ ఎజెక్షన్, పొట్టిగా సీఎంఈ అంటారు. అది మనల్ని చేరడానికి మహా వేగంగా వస్తే 15 నుంచి 18 గంటలు, లేకుంటే మూడు నాలుగు రోజులు పడుతుంది. ఎప్పుడు చేరుతుందో కొన్ని గంటలు అటూ ఇటూగా చెప్పగలుగుతున్నారు. అయితే వచ్చిన క్షేత్రం దక్షిణ దిశగా ఉంటేనే అది భూమి క్షేత్రంతో బలంగా ముడిపడి శక్తిని లోపలికి రానిస్తుంది. ఉత్తర దిశగా ఉంటే అంతటి సీఎంఈ కూడా పెద్దగా హాని చెయ్యకుండా దాటిపోవచ్చు. ఆ దిశ ఏమిటో సూర్యుడి దగ్గరే నమ్మకంగా కనిపెట్టే పద్ధతి ఇంకా లేదు. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు దగ్గర కొలిచినప్పుడే తెలుస్తోంది. సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో వచ్చేదానికి అక్కడి నుంచి ఇక్కడికి 50 నిమిషాలు, వెయ్యి కిలోమీటర్ల వేగమైతే 25 నిమిషాలు. మనకు దక్కే వ్యవధి అంతే! 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2024 జనవరి 6న ఆ బిందువు చుట్టూ కక్ష్యలో చేరిన మన ఆదిత్య-ఎల్1 కరోనాను చూస్తూనే, తన దగ్గరకొచ్చిన సౌర పవనాన్నీ (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం) అయస్కాంత క్షేత్రాన్నీ కొలుస్తోంది. ఈ గంటను ఒక రోజుగా పెంచగలిగినవారు ప్రపంచానికి మహోపకారం చేసినవారవుతారు. మీరు ఈ రంగంలోకి రావాలనడానికి నేను చెప్పగల అతి బలమైన కారణం ఇదే.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. కరోనాగ్రాఫ్ పరికరం సూర్యబింబాన్ని ఒక పళ్లెంతో మరుగుపరచి చుట్టూ ఉన్న మసక వెలుగును ఫొటో తీస్తుంది. ఒక చిత్రం నుంచి అంతకు ముందరి చిత్రాన్ని తీసివేస్తే, మారనిదంతా బూడిదరంగులో కలిసిపోయి, కదిలిన సీఎంఈ అంచు మాత్రం తేటగా బయటపడుతుంది. ఆ అంచు బింబం చుట్టూ పూర్తి వలయంగా వ్యాపిస్తే అది మన వైపు వస్తూ ఉండాలి, లేదా సరిగ్గా అవతలి వైపుకు పోతూ ఉండాలి. ఆ ఒక్క చిత్రం చూసి ఎటన్నది చెప్పలేరు. బింబం మీద అదే సమయంలో విస్ఫోటనం జరిగిందా అని వేరే చిత్రాలతో సరిచూడాలి. పెద్ద విస్ఫోటనమైతే ఇంకాసేపటికి వేగవంతమైన ప్రోటాన్లు కెమెరాకు తగిలి, చిత్రమంతా మంచు కురిసినట్టు తెల్లని చుక్కలతో నిండిపోతుంది. నెలల తరబడి ఇటువంటి చిత్రాలతోనూ, పైథాన్ ప్రోగ్రాములతోనూ, ప్లాస్మా భౌతికశాస్త్రపు సమీకరణాలతోనూ కూర్చోగల ఓపిక మీకుందో లేదో ఇప్పుడే పరీక్షించుకోవచ్చు. సూర్యుణ్ణి గమనించే సోహో, ఎస్‌డీవో, ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకల డేటా ఉచితంగానే దొరుకుతుంది. 2024 మే 8 నుంచి 11 వరకు చిత్రాలు దించుకొని, ఒక్కో సీఎంఈ వేగాన్ని మీరే లెక్కగట్టండి. ఏ కోచింగ్ కన్నా ఆ పని మీకు ఎక్కువ నేర్పుతుంది.

విశాఖకు ఇందులో ఏం చోటని అనుకోకండి. ఆచార్య బి. రామచంద్రరావు గారి కాలం నుంచి వాల్తేరు అయనావరణ (పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర) పరిశోధనకు పేరు పొందింది. తిరునెల్వేలి ప్రాంతంలోని అయస్కాంత మధ్యరేఖ మీద పైకి లేచిన ప్లాస్మా ఉత్తర దక్షిణాలకు జారి రెండు వైపులా శిఖరాలుగా పేరుకుంటుంది. ఆ రేఖకూ ఉత్తర శిఖరానికీ నడుమ మన ఊరు ఉంది. సౌర తుపాను నాడు ఈ పొర ఎలా చెదిరిపోతుందో తెలియకపోతే విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థలో దిద్దుబాట్లు కుదరవు. సూర్యుడి వైపు పరిశోధనకే గొప్పతనమని, నేల వైపు పని రెండో తరగతిదని కొందరు విద్యార్థులు అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. (1840 ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావు గారు ఈ ఊళ్లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు, వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో అక్కడి నుంచే శుక్ర సంక్రమణాన్ని (శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం) పరిశీలించారు. ఇది మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.)

ప్రవేశానికి జెస్ట్, సీఎస్ఐఆర్ నెట్, గేట్ పరీక్షలు రాయండి. బెంగళూరులోని ఐఐఏ (భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థ), అహ్మదాబాద్ పీఆర్ఎల్ కింద నడిచే ఉదయ్‌పూర్ సౌర వేధశాల, నైనిటాల్‌లోని ఏరీస్, ఐసర్ కోల్‌కతా సూర్యుడి మీద పనిచేస్తాయి. తిరువనంతపురంలోని ఇస్రో స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ, నవీ ముంబయిలోని భూఅయస్కాంత సంస్థ, మన గాదంకిలోని ఎన్ఏఆర్ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) పై వాతావరణాన్ని చూస్తాయి. పరిశోధక విద్యార్థికి ఇచ్చే భృతి (జేఆర్ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి సుమారు ఐదేళ్లు, తర్వాత పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), చాలామందికి అది విదేశాల్లోనే. శాశ్వత ఉద్యోగాలు కొద్ది. ఈ నిజాన్ని నాన్నగారి దగ్గర దాచవద్దు. డేటా విశ్లేషణ నేర్చినవారికి ఇతర రంగాల్లోనూ పని దొరుకుతుందన్న సంగతి కూడా ఆయనకు చెప్పండి.

ప్రశ్న: నేను ఈసీఈ బీటెక్. ఫిజిక్స్ చదవనివాళ్లకు ఇందులో అవకాశం ఉందా?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: ఉంది. డిటెక్టర్లు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్లు, జీపీఎస్ రిసీవర్లు తయారుచేసేది ఇంజినీర్లే. గేట్ స్కోరు తెచ్చుకొని, విద్యుదయస్కాంత తరంగాల పాఠాన్ని పరీక్ష కోసం కాక నిజంగా నేర్చుకోండి. ప్లాస్మాలోకి అడుగుపెట్టేది అక్కడి నుంచే.

ప్రశ్న: మా హైస్కూలులో చిన్న టెలిస్కోపు ఉంది. పిల్లలకు సూర్యుడి మచ్చలు చూపించవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, భీమునిపట్నం

జవాబు: ఐపీస్‌లో కన్ను పెట్టి చూడడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, క్షణంలో చూపు పోతుంది. ఫైండర్‌కు (పక్కన గురి చూసుకునే చిన్న టెలిస్కోపు) మూత బిగించి, ఐపీస్ వెనుక ఒక అడుగు దూరంలో తెల్ల అట్ట పట్టుకొని దాని మీద పడిన బింబాన్ని చూపించండి. టెలిస్కోపు దగ్గర ఎప్పుడూ పెద్దవారు ఒకరు నిలబడాలి. ఐపీస్ వేడెక్కుతుంది కనుక రెండు మూడు నిమిషాలకోసారి సూర్యుడి నుంచి పక్కకు తిప్పండి. కాగితం మీద వృత్తం గీయించి, మచ్చలు ఉన్నచోటే గుర్తులు పెట్టించి, తేదీ, సమయం రాయించండి. బింబం ఒక అంచు నుంచి రెండో అంచుకు మచ్చ చేరడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కనుక, ఎండ కాసే రోజుల్లో వరుసగా గీస్తే సూర్యుడు తన చుట్టూ తాను తిరగడాన్ని పిల్లలే కనిపెడతారు. కొడైకెనాల్ సౌర వేధశాలలో వందేళ్లకు పైగా సాగుతున్న పని మూలంలో ఇదే. ఆ కాగితాలను పారేయకుండా ఏడాదివారీగా ఫైలు చేసి ఉంచండి.