‘ఎండకు అంటుకుంది’ అంటే కోర్టు ఒప్పుకుంటుందా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. వారం కిందట మిట్టమధ్యాహ్నం పక్క రైతు వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టాడు. గాలికి మంట గట్టు దాటి మా బత్తాయి తోటలో పడింది. 40 చెట్లు, డ్రిప్పు పైపులు, గడ్డివాము కాలిపోయాయి. ‘ఈ ఎండలకు అంటుకుంది, నేనేం చేయను’ అంటున్నాడు. పోలీసులు ఇది సివిల్ తగాదా అన్నారు. పెద్దమనుషులు 20 వేలు ఇప్పిస్తామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: కాయలు కాసే చెట్టు కళ్ల ముందే మాడిపోతే ఎంత బాధో తెలుసు. మీకు నష్టపరిహారం అడిగే హక్కు ఉంది.

పిడుగు పడి తోట కాలితే దైవఘటన అనవచ్చు. ఇక్కడ అగ్గిపుల్ల గీసింది మనిషి. మే నెలలో, గాలి లేచే వేళ, ఎండుగడ్డికి నిప్పు పెడితే ఏమవుతుందో రైతుకు ఒకరు చెప్పాలా? ఆయన సాకుగా చెబుతున్న ఆ ఎండే ఆయన నిర్లక్ష్యానికి సాక్ష్యం. గట్టు వెంట నాలుగు సాళ్లు దున్ని అడ్డు పెట్టాడా, నీళ్లు సిద్ధంగా ఉంచాడా, మీకు ముందే చెప్పాడా అని కోర్టు అడుగుతుంది.

సివిల్ తగాదా అన్న మాట సగమే నిజం. నిప్పు విషయంలో నిర్లక్ష్యం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 కింద నేరం. 6 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పంట కాలుతుందని తెలిసే పెట్టాడని రుజువైతే 326 కింద 7 ఏళ్ల దాకా పడవచ్చు, కానీ అది రుజువు చేయడం కష్టం. ఎఫ్ఐఆర్ రాయకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. డబ్బు కోసం మాత్రం సివిల్ దావా వేయాల్సిందే. గడువు 3 ఏళ్లు.

అన్నిటికంటే ముఖ్యం, మాడిన చెట్లను ఇప్పుడే కొట్టేయకండి. కరిగి మట్టికి అంటుకుపోయిన పైపులను కూడా పీకకండి. తహసీల్దార్‌కు అర్జీ పెట్టి పంచనామా అడగండి. చెట్ల వయసు, దిగుబడి, ఏవి మళ్లీ చిగురిస్తాయో ఉద్యాన శాఖ అధికారితో రాయించుకోండి. ఫైరింజన్ వచ్చి ఉంటే వాళ్ల రిపోర్టు తీసుకోండి. ఆయన రేపు మాట మార్చి కరెంటు తీగల మీదికి నెట్టవచ్చు, కాబట్టి ఆ టైముకు లైనులో ఫాల్ట్ ఉందో లేదో సమాచార హక్కు కింద అడిగి ఉంచుకోండి.

లెక్క తేలక ముందు 20 వేలు తీసుకుని ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. రాజీయే మేలనుకుంటే నల్గొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అక్కడి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇచ్చే తీర్పుకు (అవార్డుకు) కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. పట్టా మీ ఇంటి ఆడవాళ్ల పేరున ఉంటే ఆదాయంతో పనిలేకుండా వారికి ఉచితంగా వకీలును ఇస్తారు.

ఆయన పొలం నుంచి గట్టు మీదుగా మీ తోటలోకి వచ్చిన నల్లటి కాలిన చారను రేపు పొద్దున్నే ఫోటో తీయండి. ఒక్క వాన పడితే అది మిగలదు.