స్లాట్ మార్చే ముందు

చి. లావణ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. ఎంటర్‌టైన్‌మెంట్ ఛానల్లో ప్రోగ్రామింగ్ విభాగంలో చేరుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. కథలు వినే ఉద్యోగం అని మురిసిపోతున్నట్టున్నావు. వింటావు, నిజమే. కానీ రోజంతా నీ ముందుండేది ఎఫ్‌పీసీ, అంటే ఏ టైముకి ఏ కార్యక్రమమో చెప్పే పట్టిక. దాన్ని కాపాడటమే అసలు పని.

గురువారం బార్క్ రేటింగులు, అంటే ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో లెక్కగట్టే సంస్థ అంకెలు, వస్తాయి. అవి అంతకుముందు శుక్రవారంతో ముగిసిన వారానివి. ఏదైనా సీరియల్ పడిపోయిందంటే ఆఫీసంతా టెన్షన్. ఏడున్నర సీరియల్ని ఆరున్నరకు జరిపేద్దామని ఎవరో ఒకరు అంటారు. వెంటనే తల ఊపకు. ఆ వారం అవతలి ఛానల్లో కొత్త సినిమా వేశారా, క్రికెట్ మ్యాచ్ ఉందా చూడు. మన సీరియల్‌కి ముందు వచ్చే కార్యక్రమమే పడిపోయిందేమో చూడు. తర్వాత నిమిషం నిమిషం గ్రాఫ్ తీయించు. జనం వచ్చి మధ్యలో వెళ్లిపోతే కథలోనో, బ్రేకుల్లోనో తేడా ఉంది. అసలు రాకపోతే స్లాటునీ, అంటే ప్రసార టైమునీ, ప్రోమోలనీ అనుమానించాలి. కనీసం నాలుగు వారాల అంకెలు పక్కపక్కన పెట్టుకున్నాకే నోరు విప్పు. పనులన్నీ ముగించుకుని సరిగ్గా ఆ టైముకే టీవీ ముందు కూర్చునే ఆవిడకి మన మీటింగులతో సంబంధం లేదు. ఆ టైముకి తన సీరియల్ కనిపించకపోతే రిమోట్ నొక్కుతుంది. మళ్లీ మన దగ్గరికి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది.

యాడ్స్ గురించి సేల్స్ వాళ్లతో రోజూ వాదన తప్పదు. నిబంధన ప్రకారం గంటకు 12 నిమిషాలే, అందులో 2 మన సొంత ప్రోమోలకు. అంటే అరగంట స్లాటులో 24 నిమిషాలు మిగులుతాయి. రీక్యాప్, టైటిల్స్ పోగా కథకి ఇంకా తక్కువ. మొదటి బ్రేకులోపు కథ కొంచెమైనా కదలాలని పట్టుబట్టు. ఈ ఒక్క విషయంలో మొండిగా ఉన్నా తప్పులేదు.

ఎపిసోడ్ల బ్యాంకు, అంటే ముందే తీసి సిద్ధంగా ఉంచుకునే ఎపిసోడ్ల నిల్వ, రెండు వారాల కంటే తగ్గనివ్వకు. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాక ఛానళ్లు పాత ఎపిసోడ్లే తిప్పాల్సి వచ్చింది. అంత విపత్తు అక్కర్లేదు, హీరోయిన్‌కి జ్వరం వచ్చినా చాలు.

ఇంకోటి. ఆఫీసులో ప్రివ్యూ చూసి సరిపెట్టుకోకు. మీ సీరియళ్లని ఇంట్లో, ప్రసారమయ్యే టైముకే, బ్రేకులతో సహా చూడు. ఎక్కడ లేచి వెళ్లాలనిపించిందో రాసి పెట్టుకో.

ఇట్లు,
మీ పెదనాన్న