బండి వెనక రహస్యంగా వెళ్ళే ట్రైనింగ్ ఎలా ఉంటుంది? ముందు బండి నడిపినవాడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ: ఒడిశా కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఉంటున్నావు, ఐబీలో (కేంద్రం నిఘా సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరోలో) సెక్యూరిటీ అసిస్టెంట్ (మోటార్ ట్రాన్స్‌పోర్ట్) పోస్టుకి ప్రిపేరవుతున్నావు. అనుమానితుల బండ్ల వెనకాల తెలియకుండా వెళ్ళడం ఎలా నేర్పుతారు, సినిమాల్లో చూపించినట్టే ఉంటుందా అని.

నేను ఐబీ మనిషిని కాను, జయపురంలో టాక్సీ నడుపుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక శాఖవాళ్ళు తమ కుర్రాళ్ళకి ఇదే పని నేర్పడానికి మా కొండల్లోకి తీసుకొచ్చారు. నా బొలెరోని కిరాయికి మాట్లాడుకున్నారు. ముందు వెళ్ళేది నేను, వెనక పడేది వాళ్ళు. శాఖ పేరు అడగకు, చెప్పను. నేను చెప్పేదంతా అద్దంలో చూసిందీ, సాయంత్రం టీ తాగుతూ ఇన్‌స్ట్రక్టర్ గారు కుర్రాళ్ళకి అక్షింతలు వేస్తుంటే విన్నదీ.

సినిమాలో ఒక కారు ఇంకో కారు వెనకాలే అంటుకుని వెళ్తుంది కదా, ఆ పద్ధతి వీళ్ళు అసలు వాడరు. మూడో నాలుగో బండ్లుంటాయి, కుదిరితే ఒక బైకు కూడా. వాటిలో నేను కనపడేది ఒక్క బండికే. మిగతావాళ్ళు నన్ను చూడరు, వైర్‌లెస్‌లో వింటారంతే. అందుకే చూస్తున్న బండిలో పక్క సీటు మనిషి నోరు మూయకూడదు. "తెల్ల బొలెరో, స్పీడు యాభై, ముందు ఇటుకల లారీ, ఎడమ ఇండికేటర్ వేశాడు, తిరగలేదు, నేరుగానే" అని చెప్తూనే ఉండాలి. డ్రైవరు ఆ గొడవలో తలదూర్చకుండా బండి చూసుకోవాలి. కాసేపయ్యాక ఆ బండి పక్కకి తప్పుకుంటుంది, వెనకున్నది ముందుకొస్తుంది. నాకు అద్దంలో ఎప్పుడూ కొత్త బండే కనపడాలన్నది లెక్క.

వినడానికి తేలికే. తీరా మైకు చేతికిచ్చేసరికి కుర్రాళ్ళకి నోరు పెగల్లేదు. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ గారు ఎవరి వెనకా పంపకుండా ఊరికే రోడ్డు మీద తిప్పుతూ, కంటికి కనపడిందల్లా చెప్పమన్నాడు. పాన్ డబ్బా, పచ్చ గేటు, కల్వర్టు, కుడివైపు గుడి, అలా. ఊళ్ళ పేర్లు పలకడం కూడా మానిపించాడు. మ్యాపు మీద ప్రతి జంక్షన్‌కీ ఒక నంబరు వేసి అదే వాడమన్నాడు. దాంతో పేరు తప్పు పలికే బాధ పోయింది, బయటివాడు విన్నా అర్థం కాదు.

అసలు పరీక్ష నేను ఆగినప్పుడు. మలుపు దాటగానే టీ కొట్టు దగ్గర ఉన్నట్టుండి ఆపమని నాకు ముందే చెప్పి ఉంచారు. వెనకున్నవాడు బ్రేకు మీద కాలు పెట్టకుండా, నా వైపు తల తిప్పకుండా దాటి వెళ్ళిపోవాలి. నేను ఆగానన్న కబురు మైకులో అందాక రెండో బండి మలుపు ఇవతలే ఆగిపోవాలి. దాటి వెళ్ళినవాడు ముందెక్కడో నీడ చూసుకుని నేను వచ్చేదాకా కాయాలి. అంతేగానీ యూ టర్న్ కొట్టి వెనక్కి రాకూడదు. మొదటిసారి ఏం జరిగిందంటే, ఒక కుర్రాడు టైర్లు కీచుమనేలా నా వెనకే ఆపేశాడు. ఆపినందుకు ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి దిగొచ్చి సిగరెట్ కొన్నాడు. పాపం అలవాటు లేదు, రెండు దమ్ములకే దగ్గుతో కళ్ళల్లో నీళ్ళు. కొట్టు నడిపే ఆవిడ "మీవోడేనా?" అని నన్నే అడిగింది!

ఇక మన రోడ్ల సంగతి. భువనేశ్వర్ లాంటి ఊళ్ళో అయితే పక్క వీధిలోంచి సమానంగా వెళ్ళొచ్చు, ట్రాఫిక్‌లో కలిసిపోవచ్చు. జయపురం నుంచి కోరాపుట్‌కి ఎక్కే ఘాట్‌లో అవేవీ కుదరవు. పక్క రోడ్డు ఉండదు. పై మలుపులో కాస్త తల తిప్పితే కింద వచ్చే బండ్లన్నీ కనపడతాయి. చలికాలం ఉదయం మంచులో అయితే హెడ్‌లైట్లే పట్టిస్తాయి. ఒక దానికి ఎడమ లైటు పసుపు, కుడిది తెలుపు. దాన్ని నేను పొద్దున్నుంచీ గుర్తుపట్టాను.

అక్కడ ఆయన చెప్పిన మాటే ఈ విద్య మొత్తానికీ అసలైనది అని నాకనిపిస్తుంది. ఘాట్‌లో వెంటపడకండి, వదిలెయ్యండి అన్నాడు. కింద ఎక్కిన బండి పైన దిగక తప్పదు కదా. ఒక బండిని ముందే కోరాపుట్‌కి పంపి అక్కడ కాపు కాయించాడు. ఇంకోదాన్ని సెమిలిగుడ జంక్షన్‌లో పెట్టాడు. అక్కడ నందపూర్ మీదుగా పాడువా, అరకు వైపు మళ్ళానా, పొట్టంగి, సుంకి ఘాట్ దిగి సాలూరు వైపు పోతున్నానా అన్నది తేలిపోతుంది. మధ్య రోడ్డంతా నా వెనక ఎవరూ లేరు. పోగొట్టుకుంటే రేపు మళ్ళీ దొరుకుతాడు, చూశాడంటే మాత్రం ఆ కేసు నీళ్ళల్లో పోసినట్టే అని ఆయన లెక్క. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి ఇది మింగుడుపడలేదు. వదిలేశాం అని రాయడానికి నామోషీ.

ఇంకో సంగతి, పట్టుకునేది ముందు బండివాడే అని అందరూ అనుకుంటారు. మన దగ్గర ముందు కనిపెట్టేది ఊరివాళ్ళు. కుందులి సంతకి వచ్చిన బండిలో ముందు సీట్లో ఇద్దరు మగాళ్ళు, పొట్టి క్రాపులతో, కూరగాయలు కొనకుండా కూర్చుంటే ఎవరు చెప్పాలి పోలీసులని? అదే బండిలో ఒక ఆడమనిషి ఉంటే, వెనక సీట్లో అల్లం బస్తా ఉంటే ఎవరూ పట్టించుకోరు. నంబరు ప్లేటుకీ చెప్పే కథకీ పొత్తు కుదరాలి. ఏపీ బండిలో వచ్చి అరకు దారి అడిగితే నమ్ముతారు. ఓడీ 10 (మన కోరాపుట్ నంబరు) బండిలో వచ్చి సెమిలిగుడ ఎటు అని అడిగితే నవ్వుతారు. ఆగి ఉన్న బండిలో డ్రైవరు సీటు ఖాళీ చేసి పక్కనో వెనకో కూర్చోమని చెప్పేవారు, ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు ఉంటుందని. చలిలో నలుగురు కూర్చుంటే లోపలి అద్దాలకి ఆవిరి పట్టేస్తుంది, బయటినుంచి చూసినవాడికి లోపల మనుషులున్నట్టు ఇట్టే తెలిసిపోతుంది. ఒంటేలు సంగతి నేను రాయను గానీ, నీళ్ళు తక్కువ తాగడం కూడా ట్రైనింగ్‌లో భాగమే.

రాత్రి రాతపని. అక్కడే ఎక్కువ తిట్లు. ఒకడు "బొలెరో డ్రైవరు హోటల్లో భోజనం చేశాడు" అని రాశాడు. నువ్వు చూశావా అన్నాడాయన. నేను లోపలికి వెళ్ళింది ఫోన్ చార్జింగ్ పెట్టుకోడానికి! "1.10కి హోటల్లోకి వెళ్ళాడు, 1.35కి బయటికొచ్చాడు" అని మళ్ళీ రాయించాడు. రేపు కోర్టులో నిలబడాల్సింది ఆ కాగితమే.

తుపాకులు, అరెస్టులు ఈ పనిలో ఉండవు. అమెరికాలో ఎఫ్‌బీఐకి (అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థకి) ఇందుకోసమే ప్రత్యేక బృందాలున్నాయి, వాళ్ళు ఆయుధాలు పట్టరు, చూడ్డానికి మామూలు జనంలా ఉంటారు. ఎఫ్‌బీఐలోనే పనిచేస్తూ రష్యాకి రహస్యాలు అమ్మిన రాబర్ట్ హాన్సెన్ 2001 ఫిబ్రవరిలో వర్జీనియాలో ఒక పార్కు దగ్గర దొరికే ముందు ఇలాంటి కళ్ళే అతని మీద ఉన్నాయి. జీపీఎస్ పెట్టేస్తే సరిపోదా అంటావేమో. అమెరికాలోనే పోలీసులు ఒకాయన జీపుకి అలా పెట్టి 28 రోజులు చూస్తే, 2012లో అక్కడి సుప్రీంకోర్టు అది సోదా కిందే లెక్క అని తేల్చింది. మన సుప్రీంకోర్టు 2017లో గోప్యతని ప్రాథమిక హక్కు అంది. కాబట్టి ఆ దారీ అంత తేలిక కాదు.

ఇది చదివి ప్రాక్టీసని ఎవరి స్కూటీ వెనకో పడకు. అమ్మాయిల వెంటపడటం ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. నేరాలు ఆపే బాధ్యత ప్రభుత్వం అప్పగించినవాళ్ళకే అందులో మినహాయింపు ఉంది, నీకూ నాకూ కాదు. కావాలంటే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ కామెంటరీ మనసులో చెప్పుకో, బాగా పనికొస్తుంది.

నీ పోస్టు విషయానికొస్తే, అది డ్రైవరు పోస్టు. చేరాక ఎవరిని ఎక్కడ వేస్తారో నోటిఫికేషన్‌లో రాయరు. పదో తరగతి, కారు లైసెన్సు, లైసెన్సు వచ్చాక కనీసం ఏడాది నడిపిన అనుభవం, ఏ రాష్ట్రం తరఫున పెడితే ఆ రాష్ట్రం నివాస ధ్రువపత్రం అడుగుతారు. నువ్వు కోరాపుట్ జిల్లావాడివి, తెలుగువాడివైనా ఒడిశాకే పెట్టాలి. రాతపరీక్ష అయ్యాక డ్రైవింగ్ టెస్టుతో పాటు చిన్నచిన్న రిపేర్లు వచ్చో రావో చూస్తారు. ఎవరైనా మెకానిక్ దగ్గర కొన్నాళ్ళు కూర్చుని టైరు మార్చడం, ఫ్యూజు చూడటం, బెల్టు బిగించడం నేర్చుకో. జయపురం వస్తే మా స్టాండ్ పక్కనున్న మేస్త్రి నేర్పుతాడు, నేను చెప్తాను.